డాకింగ్ అవ్వగానే పేటెంటా, కాంపౌండ్ తయారుచేశాకా?

వైజాగ్‌లో కంప్యూటర్ మీద మందుల మాలిక్యూల్స్ డిజైన్ చేసి, అవి ఒంట్లోని ప్రోటీన్‌కి ఎంత బాగా అతుక్కుంటాయో అక్కడే చూసే (అదే డాకింగ్) ఆంధ్రా యూనివర్సిటీ పిల్లలకీ చిన్న స్టార్టప్‌లకీ ఇదే డౌట్.

ఖర్చు: ఇప్పుడే ప్రొవిజనల్ (ముందుగా వేసే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) వేస్తే సొంత పేరుమీద ఆన్‌లైన్ ఫీజు 1600 రూపాయలు, దరఖాస్తు రాయించే ఖర్చు వేరే. ఆగితే సింథసిస్ (కాంపౌండ్ తయారీ), అస్సే (అది పనిచేస్తుందో లేదో చూసే ల్యాబ్ పరీక్ష) బిల్లులు ముందే పడతాయి, పరవాడ ఫార్మా సిటీలో ఎవరు తెలిసినా ఫ్రీగా చెయ్యరు కదా.

టైమ్: ప్రొవిజనల్ అయితే 12 నెలల్లో కంప్లీట్ (పూర్తి వివరాల) దరఖాస్తు వెయ్యాలి, లేదంటే పోయినట్టే. ఆగితే ఆ గడువు లేదు గానీ ఈలోపు ఇంకొకళ్ళు వేసేయొచ్చు.

రిస్క్: అసలు గొడవ ఇక్కడే. డాకింగ్ స్కోర్ ఎంత బాగున్నా కాంపౌండ్ ఎలా తయారుచెయ్యాలో రాయకపోతే పేటెంట్ చట్టం సెక్షన్ 10 దగ్గర ఇరుక్కుంటారు, పైగా మీది పాత మందుకి కొత్త రూపమే అయితే సెక్షన్ 3(డి) ఉంది, 2013లో సుప్రీంకోర్టులో నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసు ఓడింది దానిమీదే, రోగం మీద మెరుగ్గా పనిచేస్తుందని డేటా చూపించాలి, స్కోర్ చాలదు. ఆగినవాళ్ళకి ఆ డేటా చేతిలో ఉంటుంది.

థీసిసో పోస్టరో బయటపెట్టే టైమ్ దగ్గరపడితే ముందు ప్రొవిజనల్ పడెయ్యండి, తయారీ రూటు కాగితం మీదైనా రాసి. ఏడాదిలో ల్యాబ్ దొరకదనుకుంటే ఆగండి, స్ట్రక్చర్ మాత్రం ఎక్కడా బయటపెట్టకండి.