క్రూగర్‌లో మా టెంటు, మా కారు: తొమ్మిది రాత్రుల అనుభవం

మహారాష్ట్రలోని తాడోబాకు వెళ్లిన రెండుసార్లూ నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే. జిప్సీ, డ్రైవరు, గైడు, వేళలు అన్నీ ఇతరుల చేతిలో ఉండడంతో, ఒక చెట్టు నీడన అరగంట ఊరికే ఆగి చూద్దామంటే కుదరలేదు. ఆ కోరిక తీరాలంటే దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కుకు వెళ్లాల్సిందేనని మా బావమరిది చాలాకాలంగా చెబుతున్నాడు. అక్కడ ఎవరి కారు వారే నడుపుకుంటూ పగలంతా తిరగవచ్చు, రాత్రికి కంచె లోపలి శిబిరంలో సొంత టెంటు వేసుకోవచ్చు. నిరుడు ఆగస్టులో నేను, నా భార్య, అతను కలిసి తొమ్మిది రాత్రులు అక్కడ గడిపాము. ఏ ఖర్చు తగ్గించుకుని లాభపడ్డామో, ఎక్కడ తప్పులెక్క వేసి నష్టపోయామో, తక్కువ ఖర్చుతో వెళ్లదలచిన వారి కోసం వివరంగా రాస్తున్నాను.

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేవి కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి. అక్కడా సొంతంగా బండి నడుపుకోవచ్చు కానీ, ఆ మట్టిదారులకు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి కనుక బడ్జెట్ సగం అద్దెకే కరిగిపోతుంది. నమీబియాలోని ఎటోషాలో శిబిరాల పక్కనే రాత్రంతా దీపాలు వెలిగే నీటిగుంటలు ఉన్నాయి. అక్కడ బల్ల మీద కూర్చుంటే జంతువులే మన ఎదుటికి వస్తాయి. మాకు మాత్రం ఆ దేశ రాజధాని విండ్‌హుక్‌కు విమానం ఛార్జీ దగ్గరే ఆ ఆలోచన ఆగిపోయింది. 1926లో జాతీయ పార్కుగా ఏర్పడిన క్రూగర్ విస్తీర్ణం దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన ఉమ్మడి అనంతపురం జిల్లా అంత. అంత పెద్ద అడవిలోనూ ప్రధాన శిబిరాలను కలిపేవి తారు రోడ్లే కావడం వల్ల మామూలు చిన్న కారు సరిపోతుంది. పైగా దక్షిణాఫ్రికాలోనూ మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుపుతారు. మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ కార్యాలయంలో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చూపితే జోహన్నెస్‌బర్గ్ విమానాశ్రయంలో కారు ఇచ్చారు. అయితే క్రెడిట్ కార్డు నడిపే మనిషి పేరు మీదే ఉండాలన్నారు. మా బావమరిది కార్డు, నా లైసెన్సు అనుకున్న ఏర్పాటు కౌంటరు దగ్గరే బెడిసికొట్టింది. చివరికి అతనికి పర్మిట్ లేక, ప్రయాణమంతా నేనే నడపవలసి వచ్చింది.

ఖర్చు లెక్క వేసేటప్పుడు గమనించవలసిన విషయం ఏమిటంటే, టెంటు స్థలం అద్దె కంటే పార్కు ప్రవేశ రుసుమే ఎక్కువ. విదేశీ పెద్దలకు మనిషికి రోజుకు ఇది 500 రాండ్లు దాటింది. రాండును ఐదు రూపాయలుగా లెక్కిస్తే ముగ్గురికి రోజుకు ఏడున్నర వేల రూపాయల పైమాటే. దక్షిణాఫ్రికా పౌరులు అందులో సుమారు నాలుగో వంతు మాత్రమే చెల్లిస్తారు. గోల్కొండ కోట టికెట్టు కౌంటరు దగ్గర విదేశీయుల ధర చదివి ముసిముసిగా నవ్వుకున్నవాడిని కనుక దీని మీద ఫిర్యాదు చేసే అర్హత నాకు లేదు. వారం మించి ఉండేవారు రోజువారీ రుసుముకు బదులు ఏడాదిపాటు చెల్లే వైల్డ్ కార్డు తీసుకోవడం మంచిది. మేము అదే చేశాము. టెంటు స్థలానికి చెప్పే ధర ఇద్దరికి. మూడో మనిషికి కొంత అదనంగా కట్టాలి, ఒక స్థలంలో ఆరుగురి వరకు ఉండవచ్చు. అదే శిబిరంలో బంగళా తీసుకుంటే ఇద్దరికి మూడు నాలుగు రెట్లు అవుతుంది. స్థలాలను పదకొండు నెలల ముందు నుంచే పార్కుల సంస్థ అయిన శాన్‌పార్క్స్ వారి వద్ద బుక్ చేసుకోవచ్చు. అక్కడి పాఠశాలల సెలవుల్లో వెళ్లేవారు ఆలస్యం చేస్తే దొరకవు.

మిత్రులు చాలామంది పైకప్పు మీద టెంటు అమర్చిన పెద్ద బండి అద్దెకు తీసుకోమన్నారు. ఫోటోల్లో అది చాలా బాగుంటుంది. కానీ తెల్లవారి గేటు తెరిచే వేళకు బయలుదేరాలంటే చీకట్లోనే ఇల్లంతా మడిచి నెత్తిన పెట్టుకుని పోవాలి, సాయంత్రం మళ్లీ విప్పుకోవాలి. అందుకే మేము చిన్న కారు తీసుకుని, నేల మీద వేసుకునే టెంటు, పరుపులు, మడత కుర్చీలు, గ్యాసు పొయ్యి జోహన్నెస్‌బర్గ్‌లోని ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్నాము. ముగ్గురికి ఒకే టెంటు, బావమరిది గురక ఉచితం. మేము తిరిగొచ్చేదాకా టెంటు అక్కడే నిలబడి మా చోటును కాపాడేది. చాలా శిబిరాల్లో స్థలాలను ముందుగా కేటాయించరు, ఖాళీగా ఉన్న చోటు మనమే ఎంచుకోవాలి కనుక ఈ సౌలభ్యం చిన్నది కాదు.

ఆ దుకాణంవారు ఇచ్చిన జాబితాలో ఉండి, పెట్టెలో లేని వస్తువు ఒకటి ఉంది. శిబిరాల్లోని కరెంటు స్తంభాలకు కారవాన్లకు వాడే నీలిరంగు ప్లగ్గు మాత్రమే పడుతుంది. ఇంట్లో గీజరుకు వాడే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు దక్షిణాఫ్రికా గోడ సాకెట్లలో చక్కగా ఇముడుతుందని తెలుసుకుని, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇంటి నుంచే తీసుకెళ్లిన నేను, ఆ స్తంభం ముందు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. పక్క స్థలంలోని ఆఫ్రికానర్ (డచ్చి మూలాలున్న అక్కడి తెల్లవారు) వృద్ధ దంపతులు తమ దగ్గరున్న అదనపు ప్లగ్గును రెండు రోజులకు అరువిచ్చారు. తర్వాతి శిబిరంలోని దుకాణంలో మేమూ ఒకటి కొనుక్కున్నాము.

ఇక మేము నిజంగా తప్పు చేసింది రోజుల లెక్కలో. పటంలో మలెలేన్ గేటు నుంచి ఓర్పెన్ గేటు వరకు గీత గీసి, మధ్యలో నాలుగు శిబిరాలు పెట్టుకున్నాము. తారు రోడ్డు మీద గంటకు 50, మట్టిదారి మీద 40 కిలోమీటర్ల వేగం మించకూడదు. జంతువుల కోసం ఆగుతూ పోతే గంటకు పాతిక కిలోమీటర్లు సాగితే గొప్ప. ఆగస్టులో శిబిరాల గేట్లు ఉదయం ఆరింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూస్తారు. ఆలస్యమైతే జరిమానా పడుతుంది. జంతువులు బాగా కనిపించేది తొలి రెండు గంటల్లోనూ, చివరి రెండు గంటల్లోనూ. శిబిరం మారిన ప్రతి ఉదయం ఆ తొలి రెండు గంటలు మంచుకు తడిసిన టెంటు ఆరబెట్టి మడవడానికే పోయాయి. సాయంత్రం మళ్లీ మేకులు కొట్టడానికి మరో గంట. అలా మూడు ఉదయాలు పోగొట్టుకున్నాము. ఇప్పుడు వెళ్తే తొమ్మిది రాత్రులకు రెండు శిబిరాలే పెట్టుకుంటాను, అవి లోయర్ సాబీ, సటారా.

మొదటి రెండు రాత్రులు ఉన్న బర్గ్-ఎన్-డాల్ మలెలేన్ గేటుకు దగ్గర. విమానం దిగి, ఎన్4 రహదారి మీద దాదాపు రోజంతా నడిపి వచ్చేవారికి అది తప్ప మరో ప్రత్యేక లాభం నాకు కనిపించలేదు. గుట్టల మధ్య, చెట్ల నీడన ప్రశాంతంగా ఉంటుంది. అంధుల కోసం బ్రెయిలీ పలకలు పెట్టిన కాలిబాట కంచె వెంట సాగుతుంది. అలాంటిది మన జంతుప్రదర్శనశాలల్లోనైనా ఉంటే బాగుండునని నా భార్య అన్నది. గుట్టల్లో జంతువులను వెతకడం మాత్రం కష్టం.

లోయర్ సాబీ అందుకు పూర్తిగా వ్యతిరేకం. టెంట్ల ఆవరణ చిన్నది, కిక్కిరిసి ఉంటుంది, అక్కడి నుంచి నది కనిపించదు. కానీ భోజనశాల చెక్కవసారాలో కాఫీ కప్పుతో కూర్చుంటే సాబీ నదిలో నీటిగుర్రాలు, ఒడ్డున ఏనుగులు కనిపిస్తాయి. శిబిరం దాటగానే సన్‌సెట్ డ్యామ్ అనే చెరువు ఉంది. గేటు మూసేందుకు పది నిమిషాలుందనగా కూడా అక్కడ మొసళ్ల మధ్య కొంగలు వేటాడడం చూడవచ్చు. నది వెంట స్కుకుజాకు పోయే హెచ్4-1 రోడ్డు మీద చిరుతపులి కనిపించే అవకాశం ఎక్కువని అందరూ చెబుతారు. మాకు కనిపించింది చిరుత తోక కొన, దాని చుట్టూ ఇరవై కార్లు. స్కుకుజా శిబిరంలో బ్యాంకు, పెట్రోలు బంకు, జనసమ్మర్దం అన్నీ ఉన్నాయి. అక్కడ బస చేయకపోవడమే మంచిదైంది.

సటారాలో నాలుగు రాత్రులు ఉన్నాము. చుట్టూ గడ్డి మైదానాలు కావడంతో చూపు దూరం దాకా సాగుతుంది, సింహాలకు పేరున్న ప్రాంతం. ఎస్100 మట్టిదారి మీద రెండో ఉదయం ఒక నీటిమడుగు దగ్గర ఇంజను ఆపి నలభై నిమిషాలు కూర్చున్నాము. ఒక జిరాఫీ నీళ్లు తాగడానికి వచ్చి, ముందు కాళ్లను అంగుళం అంగుళంగా పక్కలకు జరుపుతూ, తల సగం వంచి మళ్లీ ఎత్తి అటూ ఇటూ చూసి, అలా ఐదుసార్లు మానుకుని ఆరోసారి తాగింది. తాడోబాలో నాకు దక్కనిది సరిగ్గా ఇదే.

శిబిరంలో టెంటును కంచెకు దగ్గరగా వేసుకున్నాము. రాత్రి భోజనాల వేళ ఎండుగడ్డిలో అడుగుల చప్పుడు వినిపించి టార్చి వేస్తే, కంచెకు అవతల ఒక దుమ్ములగొండి బీటు కానిస్టేబులులా తాపీగా నడిచిపోతోంది. ఒక చెవి చిరిగి ఉంది. రోజూ తిరిగీ తిరిగీ కంచె పొడవునా నున్నటి బాట పడింది. ఆహారం వేయవద్దని బోర్డు ఉన్నా ఎవరో ఎముకలు విసరడం అలవాటు చేసినట్టున్నారు, మాంసం కాలుస్తున్న ప్రతి పొయ్యి ఎదుటా అది కాసేపు నిలబడేది. మా పప్పన్నం దగ్గర మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. పగటి దొంగలు వేరు: టెంటు జిప్పును లాగి తెరవడం కోతులకు బాగా వచ్చు. మా ఉప్మా రవ్వ పొట్లం చెట్టెక్కింది, కింద నిలబడ్డ మా బావమరిది నెత్తిన రవ్వ రాలింది. ఆ తర్వాత జిప్పుల రెండు కొసలనూ సన్నటి తీగతో కలిపి కట్టి, తిండి సామాను మొత్తం కారు డిక్కీలోనే ఉంచాము.

తిండి గురించి శాకాహారులు భయపడనక్కరలేదు, కానీ భోజనశాలలను నమ్ముకోవద్దు. రెండు పూటలకే వేయించిన బంగాళాదుంపలు, చీజ్ శాండ్‌విచ్ మొహం మొత్తుతాయి. అన్ని పెద్ద శిబిరాల్లోనూ ఉమ్మడి వంటగదిలో విద్యుత్ పొయ్యిలు, మరిగే నీళ్ల కుళాయి, అంట్లు తోముకునే తొట్లు ఉంటాయి. స్నానాల గదులు మేము చూసినంతలో శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి. ఇంటి నుంచి చిన్న కుక్కరు, కందిపొడి, కారప్పొడి తీసుకెళ్లాము. బియ్యం, పప్పు పార్కుకు వెళ్లే దారిలో నెల్‌స్ప్రుయిట్ సూపర్‌మార్కెట్లో కొన్నాము. కందిపప్పును అక్కడ ‘ఆయిల్ ఢాల్’ అంటారు, ఆ పేరు తెలియక మొదట ఎర్రపప్పు కొనేశాము. త్షొక్వానె వంటి విశ్రాంతి స్థలాల్లో గ్యాసు మీద పెట్టిన పెద్ద పెనాలు అద్దెకిస్తారు. వాటి మీద దోసెలు వస్తాయో రావో పరీక్షించే ధైర్యం మాత్రం మాకు లేకపోయింది.

చీకటి పడ్డాక సొంత కారులో తిరగనివ్వరు కనుక పార్కువారి సాయంకాలపు సఫారీ ఒకటి తీసుకున్నాము. పెద్ద ట్రక్కు, చలిగాలి, ఎవరి చేతిలో లైటు ఉంటే వారి ఇష్టం. దానికి పెట్టే డబ్బు ఉదయపు నడకకు పెట్టడం మేలు. తుపాకులు పట్టుకున్న ఇద్దరు గైడ్ల వెనుక వరుసగా నడుస్తూ, పేడలో పురుగులు, మట్టిలో ముద్రలు చదవడం నేర్చుకున్న ఆ మూడు గంటలు, ఎదుట సింహం రాకపోయినా, అన్నిటికంటే విలువైనవి. పన్నెండేళ్లలోపు పిల్లలను మాత్రం దానికి రానివ్వరు.

చివరి రాత్రి టాంబోటి శిబిరంలో పార్కువారే మంచాలతో సహా వేసి ఉంచిన టెంటు తీసుకున్నాము. ఎండిన టింబావతి వాగు ఒడ్డున అది చాలా అందమైన చోటు, మా సామాను ముందే మడిచి డిక్కీలో పెట్టేశాము కనుక చివరి ఉదయం దక్కింది. అక్కడ హనీ బ్యాడ్జర్లు అనే చిన్న జంతువులు చెత్తడబ్బాలను రాత్రంతా దొర్లించాయి. నిద్ర మాత్రం దక్కలేదు.

సెప్టెంబరు నుంచి మే వరకు మలేరియా ముప్పు పెరుగుతుంది కనుక ఏ నెలలో వెళ్లినా ముందు వైద్యుణ్ని సంప్రదించాలి. కెన్యా, ఇథియోపియా విమానాశ్రయాల్లో 12 గంటలు మించి ఆగితే ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. 2022 అక్టోబరులో నంబి గేటుకు పోయే దారిలో ఒక జర్మన్ పర్యాటకుణ్ని దుండగులు కాల్చి చంపారు. ఆ గేటును వదిలేసి, ఏ గేటుకైనా వెలుగుండగానే చేరేలా చూసుకోవాలి.

జోహన్నెస్‌బర్గ్‌లో సామాను తిరిగి అప్పగించినప్పుడు, జాబితా ప్రకారం నీలిరంగు ప్లగ్గు తక్కువైందని దుకాణంవారు డిపాజిట్‌లో కోత పెట్టబోయారు. తీసుకున్న రోజున పెట్టె తెరిచి తీసిన ఫోటో నా భార్య ఫోనులో ఉంది కనుక సరిపోయింది. మేము కొన్న ప్లగ్గును ఎవరికైనా పనికొస్తుందని సటారాలో మా పక్క టెంటు కుర్రాళ్లకు అప్పటికే ఇచ్చేశాము.