బీజాపూర్ వెళ్తే మూడు బురుజులూ ఎక్కండి

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది గోల్ గుంబజ్ కోసం వెళ్తారు. నేను వెళ్లింది ఫిరంగుల కోసం. పాతకాలపు ఫిరంగి గొట్టాలు ఎలా చేశారో దగ్గరగా చూడాలనుకుంటే, దక్కన్‌లో ఇంతకంటే మంచి ఊరు నాకు తెలియదు. పోత పోసిన కంచు గొట్టం, కొలిమిలో కాల్చి కూర్చిన ఇనుప గొట్టం, రెండు రకాలూ ఒకే కోటగోడ మీద దొరుకుతాయి. ఒక్క ఆటో మాట్లాడుకుంటే పూటలో అన్నీ చూడొచ్చు.

దూరం సుమారు 380 కిలోమీటర్లు. జహీరాబాద్, హుమ్నాబాద్, కలబురగి మీదుగా వెళ్లాం. ఇప్పుడు ఊరి పేరు విజయపుర, బస్సు బోర్డుల మీద అదే ఉంటుంది. భాషకు ఇబ్బంది లేదు, మన హైదరాబాదీ ఉర్దూ ఇక్కడ చక్కగా నడుస్తుంది.

బస గురించి ముందే చెప్పేస్తాను. గోల్ గుంబజ్, రైల్వే స్టేషన్ ఊరికి తూర్పున ఉన్నాయి. ఫిరంగుల బురుజులు, ఇబ్రహీం రౌజా (రెండో ఇబ్రహీం ఆదిల్‌షా సమాధి) పడమటి వైపు. మేము స్టేషన్ వైపు ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది గాని, వేడినీళ్లు పొద్దున కాసేపే వచ్చాయి, రాత్రంతా రోడ్డు మీద లారీల హారన్లు. నన్నడిగితే బస్టాండు, గాంధీ చౌక్ వైపు దిగడమే మేలు. పొద్దున ఎండ ఎక్కకముందే బురుజుల దగ్గరికి చేరుకోవచ్చు. కర్ణాటక టూరిజం వాళ్ల మయూర ఆదిల్‌షాహి కూడా ఊళ్లోనే ఉంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు దాన్ని ముందుగానే బుక్ చేసుకోవడం మంచిది.

అందరూ చూసేది షేర్జా బురుజు మీది మాలిక్-ఎ-మైదాన్. 1549లో అహ్మద్‌నగర్ నిజాంషాహీల కోసం తుర్కీ నుంచి వచ్చిన మహమ్మద్ రూమీ పోత పోసిన ఫిరంగి ఇది. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరపు అళియ రామరాయల సేన మీద దీన్ని పేల్చారని, రాగి నాణేలు కూరి మరీ పేల్చారని చెప్పుకుంటారు. 1632లో పరాండా కోట నుంచి 10 ఏనుగులు, 400 ఎద్దులు, వందల మంది మనుషులు కలిసి ఇక్కడికి లాక్కొచ్చారట. 55 టన్నుల బరువును చూశాక ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

గొట్టం పొడవు దాదాపు 14 అడుగులు, నోటి వెడల్పు 2 అడుగుల 4 అంగుళాలు, గోడ మందం అడుగుకు పైనే. మూతి దగ్గర నిలబడి తీరిగ్గా చూడాలి. నోరు తెరిచిన సింహం తల, దాని కోరల మధ్య రెండు వైపులా నలుగుతున్న చిన్న ఏనుగులు. ఏనుగు ఒంటి గుండ్రదనం, సింహం చెవి అంచు, అన్నీ పోతలోనే వచ్చాయి. అంత పెద్ద మూసలో అంత సన్నని పని చెడకుండా దింపాలంటే లోహం ఒకే ధారగా, ఎక్కడా ఆగకుండా దిగాలి. నడుమ ఒకసారి చల్లబడితే అక్కడ పొర వస్తుంది, మందు పేలినప్పుడు అక్కడే చీలుతుంది. ఈ గొట్టంలో అలాంటి గీత నా కంటికి ఒక్కటీ కనబడలేదు.

ఇంకో విషయం. మామూలు ఫిరంగి కంచులో తగరం నూటికి పది పాళ్ల దగ్గరే ఉంటుంది. ఇందులో దాదాపు ఇరవై పాళ్లు, అంటే గుడి గంటలకు పోసే కంచు. తట్టి చూడండి, ఖంగుమంటుంది. గంట కంచు గట్టిది, కానీ పెళుసు. ఆ పెళుసుదనానికి విరుగుడే ఆ గోడ మందం అని నాకు అనిపించింది. 1854లో బ్రిటిష్‌వాళ్లు దీన్ని పాత సామాను కింద వేలానికి పెడితే 150 రూపాయలకు పాట వచ్చిందట. మరీ తక్కువని ఒక అధికారి వేలం ఆపేయబట్టి ఈ రోజు మనం చూస్తున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

చాలామంది ఇక్కడే ఫోటోలు దిగి వెనక్కి మళ్లుతారు. దయచేసి మళ్లకండి, ఉప్లీ బురుజు దగ్గర్లోనే ఉంది. 1583-84లో హైదర్ ఖాన్ కట్టించిన గుండ్రటి బురుజు, ఎత్తు 80 అడుగుల దాకా. బయటివైపే చుట్టూ తిరుగుతూ మెట్లు పోతాయి. గాలి ఎక్కువ, కాబట్టి పిల్లల చెయ్యి వదలొద్దు. పైన ఉన్నాయి రెండు ఇనుప ఫిరంగులు. పెద్దదాని పేరు లంచరీ. పొడవు 30 అడుగుల 8 అంగుళాలు, లోపలి వెడల్పు ఒక్క అడుగు. సింహం తల లేదు, నగిషీ లేదు. మేమున్నంతసేపూ అక్కడికి ఇంకెవరూ రాలేదు. ఈ ఊళ్లో నా మనసు దోచుకున్న పనితనం మాత్రం ఇదే.

ఆ కాలంలో ఇక్కడి కొలిములు ఇనుమును నీళ్లలా కరిగించి ఇంత గొట్టాన్ని పోత పోయలేవు. కంచు సుమారు వెయ్యి డిగ్రీలకే కరుగుతుంది, ఇనుముకు పదిహేను వందలు దాటాలి. రాగి ఖరీదు, తగరమైతే బయటి దేశాల నుంచి రావాలి. ఇనుప రాయి, బొగ్గు, కమ్మర్లు మాత్రం దక్కన్‌లో కావలసినన్ని. ఒక్కో కొలిమిలో దిగేది కొద్ది కిలోల ముద్దే. ఆ ముద్దల్ని సమ్మెటలతో సాగదీసి పొడుగాటి పట్టీలు చేశారు. పట్టీలను గుండ్రంగా పక్కపక్కన పేర్చితే లోపలి గొట్టం. దాని మీదికి ఎర్రగా కాల్చిన ఇనుప కడియాలు ఒకదాని పక్కన ఒకటి ఎక్కించారు. చల్లారేకొద్దీ కడియం బిగుసుకుని లోపలి పట్టీలను నొక్కి పడుతుంది. మన ఊళ్లలో బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు ఈ పని ఇట్టే అర్థమవుతుంది. మొదటి వరస కడియాల అతుకుల మీద రెండో వరస కడియం నడుమ వచ్చేలా మళ్లీ ఒక పొర వేస్తారు. అతుకు సందులోంచి మంట బయటికి తన్నకుండా ఉండేది అందుకే.

దగ్గరికి వెళ్లి గొట్టం పొడవునా చెయ్యి ఆనించి నడవండి. కడియం కడియానికీ మధ్య సన్నని గాడి వేళ్లకు తగులుతుంది. ఆ గాడులన్నీ తిన్నగా, ఒకే ఎడంలో ఉన్నాయి. ముప్పై అడుగుల పొడవులో ఎక్కడా గొట్టం వంకర పోలేదు. ఎర్రగా కాలిన ఇనుమును ఎంతమంది కలిసి పట్టుకుని, ఎవరి కేకకు అందరూ ఒకేసారి సమ్మెట దించి ఉంటారో! వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఈ గొట్టం మీద నాకు కనబడలేదు.

రెండు గొట్టాల కొలతలు పక్కన పెట్టి చూస్తే డిజైన్ తేడా తెలుస్తుంది. మాలిక్-ఎ-మైదాన్ పొడవు నోటి వెడల్పుకు ఆరు రెట్లు, లంచరీది ముప్పై రెట్లు. మొదటిది దగ్గర్లో ఉన్న సేన మీదికి పెద్ద రాతి గుండునో, రాళ్లూ ఇనుప ముక్కలో విసరడానికి పనికొచ్చేది. రెండోదాన్ని దూరం కొట్టాలని చేశారు. గొట్టం పొడుగైతే మందు పొగ గుండును ఎక్కువసేపు తోస్తుంది. కొంత పొడవు దాటాక ఆ లాభం తగ్గిపోతుంది గాని, అంత పొడుగు చేసి చూడాలన్న పట్టుదల గొప్పది.

మన తెలుగువాళ్లు ఇక్కడ ఇంకో ప్రశ్న అడుగుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ప్రపంచానికి పేరుమోసిన ఉక్కు తయారయ్యేది కదా, ఫిరంగికి అది వాడలేదా అని. ఆ ఉక్కు కత్తులకు. మూసల్లో చిన్న చిన్న ముద్దలుగా దిగే గట్టి లోహం అది. కాల్చి అతికి ఇంత గొట్టం చెయ్యాలంటే మెత్తని ఇనుమే కావాలి.

మూడోది లండా కసబ్, దక్షిణపు గోడ మీద. ఇదీ ఇనుపదే. పొడవు 21 అడుగుల 7 అంగుళాలు, లోపలి వెడల్పు 19 అంగుళాల పైన. ఇక్కడికి రావడానికి ఆటోవాళ్లు అంతగా ఇష్టపడరు, మాకు దొరికిన అబ్బాయికి దారే తెలియదు. ఆటో మాట్లాడుకునేటప్పుడే మూడు బురుజుల పేర్లూ చెప్పి, ఆగే సమయంతో కలిపి రేటు ఖాయం చేసుకోండి. చుట్టూ ముళ్లకంప ఉంది, చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. ఓపిక లేనివాళ్లు దీన్ని వదిలేసినా పరవాలేదు గాని, ఉప్లీ బురుజును మాత్రం వదలొద్దు.

గైడ్ల గురించి ఒక మాట. మాకు దొరికినాయన కథలు బాగా చెప్పాడు. ఫిరంగి పేల్చినవాడు చప్పుడు తట్టుకోలేక పక్కనున్న నీళ్ల తొట్టిలోకి దూకేవాడన్న కథ ఆయన నోట వినాల్సిందే. గొట్టం ఎలా చేశారని అడిగితే మాత్రం జవాబు లేదు. అక్కడి బోర్డులో కూడా ఆ ముక్క లేదు. గోల్ గుంబజ్ ముందున్న మ్యూజియంలో పాత ఆయుధాలు ఉన్నాయి. బురుజులు చూశాక అక్కడికి వెళ్తే బాగుంటుంది. గుంబజ్‌కూ ఇబ్రహీం రౌజాకూ టికెట్ తీసుకోవాలి, బురుజుల దగ్గర మమ్మల్నెవరూ అడగలేదు.

తిండికి లోటు లేదు. జొన్న రొట్టె, గుత్తివంకాయ, వేరుశనగ పొడి, గడ్డ పెరుగు ఉన్న చిన్న ఖానావళిలే నాకు నచ్చాయి. పెద్ద హోటళ్లలో మామూలు నార్త్ ఇండియన్ తిండే.

తిరుగు ప్రయాణంలో కలబురగి కోటలో ఆగండి. అక్కడి బారా గజీ తోపు 29 అడుగులు, ప్రపంచంలోకెల్లా పొడుగైనదని స్థానికులు గర్వంగా చెబుతారు. లంచరీని చూసి వచ్చినవాళ్లకు కొలతల లెక్క తెలుస్తుంది గాని, ఆ గొట్టం కూడా చూడదగ్గదే. కోట లోపల నీడ తక్కువ, నీళ్ల సీసా వెంట పెట్టుకుని సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి.