నాలుగేళ్లుగా స్క్రాపీతో ఫుట్‌బాల్ ఆడ్స్ సేకరణ

కావలిలో మా మేడ మీది గదిలో ఉన్న పాత కంప్యూటర్‌లో నాలుగేళ్లుగా స్క్రాపీ (వెబ్ పేజీల్లోంచి సమాచారం ఏరే పైథాన్ సాధనం) నడుస్తోంది. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫలితాలు, మ్యాచ్‌కు ముందు బుక్‌మేకర్లు (పందేలు కట్టించుకునే సంస్థలు) ప్రకటించే ఆడ్స్ (గెలిస్తే రూపాయికి ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకెలు) సేకరించి, వాటిలోని అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయో లెక్క చూస్తాను. పందెం కాయను. మన రాష్ట్రం ఆన్‌లైన్ పందేలను 2020లోనే నిషేధించింది.

మొదట రిక్వెస్ట్స్ (పేజీని తెచ్చేది), బ్యూటిఫుల్‌సూప్ (అందులోంచి సమాచారం తీసేది) అనే పైథాన్ లైబ్రరీలతో అంతా ఒకే ఫైలులో రాశాను. అది 900 వరుసలు దాటాక, సైటులో పట్టిక కాస్త మారినా తప్పెక్కడుందో వెతకడానికే ఆదివారం సరిపోయేది. స్క్రాపీ పనులను విడదీయించింది. స్పైడర్ పేజీలోని అంకెలు ఏరుతుంది, పైప్‌లైన్ వాటిని సరిచూసి భద్రపరుస్తుంది. సైటుకో స్పైడర్ ఉన్నా, తనిఖీ అన్నిటికీ ఒక్కటే.

ఉదాహరణకు, గోల్స్ రెండున్నరకు పైన, కింద అనే పందేనికి ఆడ్స్ 1.80, 2.10 అనుకోండి. ఒకటిని ఒక్కోదానితో భాగించి కూడితే 103.2 శాతం వస్తుంది. నూరు దాటినది బుక్‌మేకర్ వాటా. ఒకే బుక్‌మేకర్ దగ్గర ఈ మొత్తం నూటికి తగ్గిందంటే, నా స్పైడర్ తప్పు గడి చదివిందని ముందుగా అనుమానిస్తాను. పైప్‌లైన్ ఆ వరుసను పక్కన పెడుతుంది.

నన్ను బాగా ఏడిపించింది సమయం. లండన్‌లో మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ మనకు చలికాలంలో రాత్రి 8.30కి, అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరిపే వేసవిలో 7.30కి మొదలవుతుంది. మొదటి ఏడాది ఎప్పుడూ ఐదున్నర గంటలే కలిపాను. దాంతో వేసవి వేళల్లో మొదటి అర్ధభాగం ఆడుతుండగా మారిన ఆడ్స్ కూడా మ్యాచ్‌కు ముందువిగా నమోదయ్యాయి. అప్పటి లెక్కలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. ఇప్పుడు యూటీసీలోనే (కాలంతో మారని ప్రపంచ ప్రామాణిక సమయం) దాచి, చూపించేటప్పుడు జోన్‌ఇన్ఫోతో (సమయ మండలాలను లెక్కించే పైథాన్ లైబ్రరీ) మారుస్తున్నాను.

తెచ్చిన పేజీలను దాచుకున్నందువల్లే ఆ ఏడాదిని మళ్లీ లెక్కించగలిగాను. అయితే దీనికి స్క్రాపీ హెచ్‌టీటీపీ క్యాష్‌ను (తెచ్చిన పేజీలను దాచే ఏర్పాటు) నమ్ముకోకండి. మామూలు అమరికలో అది పాత పేజీనే తిరిగి ఇస్తుంది. గంటగంటకూ మారే ఆడ్స్‌కు అది పనికిరాదు. తేదీ, సమయంతో ఫైలు పేరు పెట్టి విడిగా దాచండి.

బ్రౌజర్‌లో తెరిచాక జావాస్క్రిప్ట్ కోడ్‌తో నిండే పేజీలను స్క్రాపీ తనంతట తాను నింపి చదవలేదు, బ్రౌజర్‌ను నడిపించే ప్లేరైట్ అనే సాధనం జోడించాలి. మా పాత యంత్రానికి అది బరువే. జాబ్‌డిర్ (పని ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫోల్డర్) పెట్టుకుంటే ఆగిన పని కొనసాగుతుంది కానీ, సజావుగా ఆపినప్పుడే. నవంబర్ వానల్లో కరెంటు పోతే ఆ హామీ ఉండదు. అందుకే సీజన్ మొత్తాన్ని ఒకేసారి తెప్పించకుండా, మ్యాచ్ రోజుకు ఒకటిగా విడగొట్టి, పేజీకీ పేజీకీ మధ్య ఐదు సెకన్లు విరామమిచ్చి నడుపుతున్నాను.