యమహా ఎంజీ16ఎక్స్‌యూ మిక్సర్: చాలా కాలం వాడాక, ఒక్కో నాబ్ గురించి

ఒగ్గు కథ పందిరి, సద్దుల బతుకమ్మ మైదానం, హన్మకొండ ఫంక్షన్ హాలు. ఈ మూడు చోట్లా ఒకే సౌండ్ మిక్సర్‌తో (మైకుల శబ్దాన్నంతా కలిపి స్పీకర్లకు పంపే పెట్టెతో) పని నడవాలంటే ఎంజీ16ఎక్స్‌యూ సరిపోతుంది. 10 మైక్ ఇన్‌పుట్‌లు, 4 గ్రూపులు (కొన్ని మైకులను కలిపి నడిపే దారులు), 4 ఆక్స్‌లు (స్టేజీ మీది స్పీకర్లకు, ఎఫెక్టులకు విడిగా శబ్దం పంపే దారులు), లోపలే ఎకో లాంటి ఎఫెక్టులు, యూఎస్‌బీ ఉన్నాయి. రేకు బాడీ గట్టిది. ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) 60 మిల్లీమీటర్లవి, చేతికి కొంచెం పొట్టిగా తగులుతాయి. అయితే దీన్ని కొన్నవాళ్లలో చాలామంది ఫేడర్లు, ఈక్యూ (హై, మిడ్, లో స్వరాలను సర్దే నాబ్‌లు) మాత్రమే ముట్టుకుంటారు. పైనున్న గెయిన్ నాబ్‌ను (మైకు సిగ్నల్ లోపలికి ఎంత బలంగా రావాలో పెట్టేదాన్ని) ఎవరో ఎప్పుడో పెట్టిన చోటే వదిలేస్తారు. బాక్సులు (స్పీకర్లు) బాగాలేవని తిట్టుకునే సందర్భాల్లో సగానికి పైగా తప్పు అక్కడే ఉంటుంది.

గెయిన్ పెట్టే పద్ధతి ఇది. ఫేడర్ కిందికి దించాలి, గెయిన్ పూర్తిగా ఎడమకు తిప్పాలి, ఆ చానెల్ (ఒక్కో మైకుకు ఉండే నాబ్‌ల వరుస) పీఎఫ్‌ఎల్ (ఫేడర్‌తో పనిలేకుండా ఆ చానెల్‌నే మీటర్‌లో చూపే బటన్) నొక్కాలి. పాడేవాళ్లను మెల్లగా ‘హలో, హలో’ అనమంటే లాభం లేదు, అసలు పాటలో ఎంత గట్టిగా ఎత్తుకుంటారో అంత గట్టిగా పాడించాలి. మీటర్ 0 దగ్గర ఆడేదాకా గెయిన్ పెంచాలి. పీక్ లైట్ ఎప్పుడైనా ఒకసారి మిణుకుమంటే భయం లేదు, అది శబ్దం చీలడానికి కాస్త ముందే వెలుగుతుంది. అదేపనిగా వెలిగితే మాత్రం తగ్గించాలి. ఆ తర్వాతే ఫేడర్‌ను 0 గీత దాకా తేవాలి. 0 చుట్టుపక్కల ఫేడర్ కొంచెం కదిపితే శబ్దం కొంచెమే మారుతుంది. అడుగున అదే కదలికకు చాలా డీబీలు (డెసిబెల్స్, శబ్దం కొలత) ఎగిరిపోతాయి. గెయిన్ ఎక్కువ పెట్టి ఫేడర్‌ను అడుగున నడిపేవాళ్లకు అందుకే శబ్దం చేతిలో ఉండదు.

ప్రోగ్రాం మొదలయ్యాక గెయిన్ ముట్టుకోవద్దు. అది చానెల్‌కు అన్నిటికన్నా ముందుంటుంది కాబట్టి మెయిన్ బాక్సులతోపాటు స్టేజీ మీది మానిటర్ (పాడేవాళ్ల వైపు పెట్టే స్పీకర్) కూడా పెరుగుతుంది, కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. వక్త మైకును నోటి దగ్గర పెట్టుకోకపోతే మిక్సర్ చేయగలిగింది తక్కువ. 5 సెంటీమీటర్ల దూరం 20 అయితే సుమారు 12 డీబీ పడిపోతుంది. ఆ 12 డీబీని గెయిన్‌తో తెస్తే బాక్సుల శబ్దం కూడా అంతే పెరిగి మైకులోకి తిరిగి వస్తుంది. మైకును దగ్గరికి జరపమని చెప్పడమే మందు.

డోలు దగ్గర ప్యాడ్ బటన్ తప్పనిసరి. కర్ర పడ్డప్పుడు మైక్ నుంచి వచ్చే సిగ్నల్ అంత ఎక్కువ, గెయిన్ పూర్తిగా ఎడమకు తిప్పినా పీక్ లైట్ ఆరదు. ప్యాడ్ 26 డీబీ కోస్తుంది. అదే డోలు చానెల్లో 80 హెర్ట్జ్ హెచ్‌పీఎఫ్ (అంతకన్నా కింది బరువు శబ్దాన్ని కోసే బటన్) నొక్కకూడదు, గుండెకు తగిలే అడుగు పోతుంది. గొంతు మైకులన్నిటికీ మాత్రం అది నొక్కే ఉండాలి. గాలి, మైకును పట్టుకున్న చేతి చప్పుడు, స్టేజీ చెక్క మీది అడుగుల శబ్దం అక్కడే ఆగుతాయి. తాళాలకు వేరే మైక్ పెట్టడం అనవసరం, కథకుడి మైకులోనే కావలసినదానికన్నా ఎక్కువ వస్తాయి.

ఈక్యూలో నిజంగా విలువైనది మోనో చానెళ్లలోని మిడ్. దాని ఫ్రీక్వెన్సీని 250 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా జరపొచ్చు. టైల్స్ నేల, ఎత్తైన సీలింగ్ ఉన్న ఫంక్షన్ హాళ్లలో గొంతు కుండలోంచి వచ్చినట్టు మూగబోతుంది. అప్పుడు ఫేడర్ కొంచెం దించి, మిడ్‌ను 6 డీబీ పెంచి, ఫ్రీక్వెన్సీ నాబ్‌ను నిదానంగా తిప్పాలి. ఎక్కడ మోత భరించలేనంత పెరుగుతుందో అదే చోటు. అక్కడ 4 నుంచి 6 డీబీ తగ్గించాలి. ఈ హాళ్లలో అది ఎక్కువగా 250, 400 హెర్ట్జ్ మధ్య దొరుకుతుంది. మాట అర్థం కావడం లేదని హై నాబ్ పెంచడం మామూలుగా జరిగే పొరపాటు. అది 10 కిలోహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది, స, శ అక్షరాలు కోసుకుపోతాయి తప్ప మాట తేటపడదు.

కంప్ (కంప్రెసర్) నాబ్ ఒక్కటే ఉంటుంది, తిప్పడం సులభం, అదే దానితో ఇబ్బంది. కుడికి తిప్పినకొద్దీ పెద్ద గొంతును అణచడంతోపాటు మొత్తం లెవెల్‌ను పైకి తెస్తుంది. సగం దాటితే మానిటర్ కూయడం దాదాపు ఖాయం. పావు వంతు చాలు. కథ చెబుతూ ఒక్కసారిగా రాగం ఎత్తుకునే గొంతుకు ఆ పావు వంతే బాగా పనికొస్తుంది.

మానిటర్‌కు పంపే ఆక్స్‌లో ప్రీ బటన్ (ఫేడర్‌కు ముందే శబ్దం తీసుకునేది) నొక్కాలి. లేకపోతే జనం కోసం ఫేడర్ కదిపినప్పుడల్లా పాడేవాళ్లకు వినబడేది మారిపోతుంది. ఎఫెక్టుకు వెళ్లేది మాత్రం ఫేడర్ తర్వాతే ఉండాలి, లేదంటే ఫేడర్ దించినా ఎకో మిగిలిపోతుంది. ఉపన్యాసానికి ఎకో వద్దేవద్దు.

గ్రూపుల విషయంలో ఒక్క మాట. చానెల్‌ను 1-2 గ్రూపుకు పంపి, దాని ఎస్‌టీ బటన్ (నేరుగా మెయిన్‌కు కలిపేది) కూడా నొక్కి ఉంచితే శబ్దం రెండు దారుల్లో మెయిన్‌కు చేరుతుంది. గ్రూప్ ఫేడర్ పూర్తిగా దించినా గొంతు ఆగదు. గ్రూపుకు పంపాక చానెల్ ఎస్‌టీ తీసేసి, గ్రూపును మాత్రమే ఎస్‌టీకి కలపాలి.

ఫాంటమ్ 48 వోల్టులకు (కండెన్సర్ మైకులకు వైరులోంచే వెళ్లే కరెంటుకు) అన్ని మైకులకూ కలిపి ఒకటే స్విచ్, ఇది ఈ మిక్సర్‌లో నచ్చని విషయం. మంచి వైరుతో కలిపిన డైనమిక్ మైకుకు (ఆ కరెంటు అక్కర్లేని మామూలు మైకుకు) దానివల్ల ఏమీ కాదు. ఫోన్, కీబోర్డు లాంటివి అతుకుల వైర్లతో మైక్ సాకెట్‌లో పెడితే పాడయ్యే ప్రమాదం ఉంది, వాటిని లైన్ జాక్‌లోనే పెట్టాలి. కండెన్సర్ మైక్ లేకపోతే ఆ స్విచ్ ఆపే ఉంచండి.

ల్యాప్‌టాప్ పెట్టగానే గుర్రుమంటే ముందు చార్జర్ పీకి చూడండి. శబ్దం ఆగితే అది ఎర్త్ లూప్ (రెండు ఎర్త్ దారుల మధ్య తిరిగే కరెంటు మోత). మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మైకు స్థాయికి మార్చే చిన్న పెట్టె) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ వైరు ఎర్త్‌ను తెంచే స్విచ్) నొక్కాలి. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం ప్రాణం మీదికి తెస్తుంది, వాన పడ్డ మైదానంలో మరీ. ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, ఆంప్ (ఆంప్లిఫయర్) చివర. ఆపేటప్పుడు ఆంప్ ముందు.

మెయిన్‌కు గ్రాఫిక్ ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో మీట ఉండేది) లేదు. కూత గట్టిగా అరికట్టాలంటే బయట 31 బ్యాండ్లది కలపాలి. సెట్టింగులు దాచుకునే వీలు అనలాగ్‌లో ఎలాగూ లేదు, రిహార్సల్ అయిపోగానే ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలు.

మైదానాల దుమ్ము ఏ మిక్సర్ ఫేడర్‌కైనా శత్రువే. పని లేనప్పుడు గుడ్డ కప్పాలి, నెలకోసారి అన్ని ఫేడర్లనూ పైకీ కిందికీ బాగా ఆడించాలి. కరకర మొదలైతే ఫేడర్ల కోసమే చేసిన క్లీనర్ వాడాలి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే లోపలి గ్రీజు కరిగి ఫేడర్ బరువెక్కుతుంది.

ఒగ్గు బృందానికి, గుడి ఉత్సవానికి, 8 మైకుల లోపు పెళ్లి పాటల జట్టుకు ఇది నిశ్చింతగా కొనొచ్చు. డ్రమ్‌సెట్‌తో పూర్తి ఆర్కెస్ట్రా అయితే మైక్ సాకెట్లు చాలవు, డిజిటల్‌కే వెళ్లండి. సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ప్రతి చానెల్లో ఒకే మైక్ పెట్టి గెయిన్ అటూ ఇటూ తిప్పి వినండి. ఫాంటమ్‌ను కండెన్సర్ మైకుతో పరీక్షించండి. హెడ్‌ఫోన్ జాక్ కదిపి చూసి, మెయిన్ ఫేడర్ కరకరలాడితే ధర తగ్గించమని అడగండి.