ఎడారిలో ఎండతో కళ: దిబ్బా, కమ్మీయా, చిల్లా?

సూర్యుడికి స్పందించే ల్యాండ్ ఆర్ట్ (నేల మీదే, ఆరుబయటే నిలిపే కళ) అనగానే చాలామంది సెన్సర్లూ మోటార్లూ పెట్టి, పొద్దు వెంట తిరిగే పలకలు గీసేస్తారు. కాగితం మీద భలే ఉంటాయి. ఇసుక బేరింగుల్లోకి దూరాక, మనిషి జాడ లేని ఆ చోట వాటిని బాగుచేసేది ఎవరు? సూర్యుడు ఎలాగూ తిరుగుతున్నాడు, కట్టడం కూడా తిరగడం దేనికి? అందుకే మోటార్లను ఇక్కడే వదిలేసి, కదలకుండా నిలబడి పనిచేసే మూడు పద్ధతులు చూద్దాం.

మొదటిది మట్టి. ఈజిప్టులో ఎర్రసముద్రం దగ్గర 1997లో పూర్తయిన 'డెజర్ట్ బ్రెత్' దీనికి మంచి ఉదాహరణ. లక్ష చదరపు మీటర్ల మేర సుడి తిరిగినట్టు శంకువుల్లాంటి దిబ్బలు, వాటికి జోడీగా గుంటలు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో ఇలాంటి చోట ప్రతి దిబ్బా నీడ పరుచుకుంటుంది. చిక్కల్లా ఇసుక స్వభావంలోనే ఉంది. పొడి ఇసుక పోస్తే సుమారు 34 డిగ్రీల వాలు దగ్గర ఆగిపోతుంది, అంతకంటే నిటారుగా నిలవదు. అంటే సూర్యుడు ఆ ఎత్తు దాటగానే దిబ్బ నాలుగు వైపులా ఎండ పడుతుంది, నేల మీద నీడే ఉండదు. మిట్టమధ్యాహ్నం వెళ్లినవాడికి కనిపించేది ఒట్టి ఇసుకే. పైగా గాలి రోజూ కొంచెం కొరుక్కుపోతుంది. కరిగిపోవడం కూడా కళలో భాగమే అనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది.

రెండోది మెరిసే లోహం. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో కళాకారుడు వాల్టర్ డి మారియా 1977లో నిలబెట్టిన 'లైట్నింగ్ ఫీల్డ్'లో 400 స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలున్నాయి. పేరులో మెరుపు ఉంది గానీ అసలు పని ఎండదే: పొద్దు పొడిచేటప్పుడు, కుంకేటప్పుడు తళతళలాడతాయి, మధ్యాహ్నం దాదాపు మాయమైపోతాయి. సన్నటి గుండ్రటి కమ్మీ కాబట్టి అది బాగుంది. అదే పెద్ద అద్దాలకు దిగితే దుమ్ము తుడవడమే ఓ ఉద్యోగం. వంపు లోపలికి తిరిగిన అద్దమైతే ఎండను ఒకచోటికి చేర్చి కాల్చేస్తుంది కూడా.

మూడోది చిల్లు. నా ఓటు దీనికే. అమెరికాలోనే యూటా ఎడారిలో కళాకారిణి నాన్సీ హోల్ట్ 1973–76లో చేసిన 'సన్ టన్నెల్స్' అంటే నాలుగు పెద్ద సిమెంటు తూములు. ఒక్కోటి 18 అడుగుల పొడవు, 22 టన్నుల బరువు. జూన్, డిసెంబరు అయనాంతాల్లో (ఏడాదిలో పగలు అన్నిటికంటే పొడవుగా, పొట్టిగా ఉండే రోజుల్లో) ఉదయించే, అస్తమించే సూర్యుడికి అవి గురి పెట్టి ఉంటాయి. తూముల పైభాగాన నాలుగు నక్షత్ర మండలాల ఆకారంలో చిల్లులు.

ఫొటోలన్నీ ఆ గురి గురించే. కొత్తవాళ్లూ దాన్నే కాపీ కొడతారు. గురి పెట్టాలంటే మాత్రం అయనాంతానికే పెట్టండి. అప్పుడు ఉదయించే చోటు, యూటా ఉన్న అక్షాంశంలో, పది రోజులు గడిచినా సూర్యబింబం వెడల్పంతే జరుగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఒక్క రోజుకే అంత జరిగిపోతుంది. పైగా దిక్సూచి చూపేది అసలు ఉత్తరం కాదు. తూర్పున కొండ అడ్డుంటే సూర్యుడు ఏటవాలుగా ఎక్కుతూ ఇంకాస్త పక్కకు జరిగాకే కనిపిస్తాడు. మూడు డిగ్రీల కొండ చాలు, గురి రెండు డిగ్రీలకు పైగా తప్పడానికి.

చిల్లులకు ఈ టెన్షన్ లేదు. ఎండ కాసిన ప్రతి రోజూ లోపలి చీకట్లో ఎండపొడలు గోడ దిగి, నేల దాటి, అవతలి గోడ ఎక్కుతాయి. లెక్క ఒక్కటే గుర్తుంచుకోవాలి. సూర్యుడు చుక్క కాదు, బింబం. కాబట్టి చిల్లుకీ ఎండపొడకీ మధ్య దూరంలో సుమారు 108వ వంతు మేర అంచు మసకబారుతుంది. హోల్ట్ చిల్లులు 7 నుంచి 10 అంగుళాలు, తూము లోపలి వెడల్పు 8 అడుగులు. మసక రెండు సెంటీమీటర్లే, అంచు చక్కగా తెలుస్తుంది. అదే 20 మీటర్ల ఎత్తున అయిదు సెంటీమీటర్ల చిల్లు నక్షత్రం ఆకారంలో కోసినా కింద పడేది గుండ్రటి సూర్యబింబమే. అంత కష్టపడి కోసిన కోణాలు ఎవరికీ కనిపించవు.

డబ్బు తక్కువుంటే మట్టికి వెళ్లండి, అభ్యంతరం లేదు. నేనైతే మూడు మీటర్ల లోపు కప్పు వేసి, జానెడు చిల్లులు పెడతాను. దానికి ముందు అదే చోట నల్లగుడ్డ డేరా వేసి, ఒకే ఒక్క చిల్లుతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను. ఈ మూడింటిలో చూడ్డానికి వచ్చిన మనిషికి మధ్యాహ్నం పూట కాస్త నీడ ఇచ్చేది కూడా ఇదొక్కటే.