రాటర్‌డామ్‌లో నాన్నకు నచ్చిన ఇల్లు

నాన్న పంచాయతీరాజ్‌లో ఏఈగా చేసి రిటైరయ్యారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మా ఇంటికొచ్చాక మూడు వారాలు కాలువలూ పాత ఇళ్లూ చూసి, "ఈమధ్య కట్టినవేమీ లేవామ్మా?" అన్నారు. శనివారం ఇంటర్‌సిటీ డైరెక్ట్ అనే రైలు ఎక్కించాను. సుమారు 40 నిమిషాల్లో రాటర్‌డామ్. స్కిపోల్ ఎయిర్‌పోర్టు నుంచి అవతలికి ఈ బండిలో అదనపు ఛార్జీ ఉంటుంది, ముందే కట్టండి.

స్టేషన్ 2014లో తెరిచారు. పాత స్టేషన్ అక్షరాలనీ గడియారాన్నీ పారేయకుండా కొత్తదాని మీద పెట్టారు. నాన్న బయట నిలబడి మొనదేలిన స్టీలు కప్పునే చాలాసేపు చూశారు. 1940 మే 14న జర్మన్ బాంబులకు ఊరి నడిబొడ్డు కాలిపోయిందనీ, అందుకే ఇక్కడ ఇన్ని కొత్త కట్టడాలనీ చెబితే కాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం మాత్రం మోసపోయాం. ఒక వీధిలో నూడుల్స్ కొట్టు. వెజ్ అని రెండుసార్లు చెప్పాను. ప్లేటు 14.50 యూరోలు, నీళ్ల సీసా 3.50. నాన్న రెండో ముద్దకే ఆగిపోయారు, అందులో చికెన్ ముక్క! వాళ్లు క్షమించమని కూడా అనలేదు. "ముక్కలు తీసేసి తినండి" అన్నారు. డబ్బులు అడిగితే తల అడ్డంగా ఊపారు. జీవితంలో మాంసం ముట్టని మనిషికి అలా జరిగితే నాకు ఏడుపొచ్చింది. శాకాహారులైన పెద్దవాళ్లతో వెళ్తే డబ్బా కట్టుకునే వెళ్లండి.

ఆ తర్వాత మార్కెట్ హాల్. గుర్రపునాడా ఆకారంలో 228 ఫ్లాట్లు, వాటి కింద బజారు, లోపలి కప్పంతా పళ్ల, పూల బొమ్మలు. అంత అందాన్నీ నాన్న "బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అరటిపళ్లు, రొట్టె కొంటే 4.20. అవి తిన్నాక మొహం కాస్త తేటపడింది.

ఎదురుగానే ఆర్కిటెక్ట్ పీట్ బ్లోమ్ 1980లలో కట్టిన క్యూబ్ ఇళ్లు. ఒక్కో ఇల్లూ ఒక చెట్టు, అన్నీ కలిస్తే అడవి అని ఆయన ఊహ. కాంక్రీటు స్తంభం మీద పసుపు పెట్టెను మూల మీద నిలబెట్టినట్టుంటుంది. ఒక ఇంటిని చూడనిస్తారు. ఇద్దరికీ కలిపి 5 యూరోలయింది. నిటారు మెట్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టమే. నాన్న మాత్రం పైదాకా ఎక్కారు. వాలు గోడకు అరచెయ్యి ఆనించి, "బీరువా ఎక్కడ పెడతారమ్మా? బరువంతా ఆ స్తంభం మీదికెలా దించాడు?" అని ఒకటే ప్రశ్నలు. గంట దాటినా కిందికి దిగలేదు. నూడుల్స్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో డెల్ఫ్ట్ మీదుగా వెళ్లే మామూలు బండెక్కాం. టైం ఎక్కువ పట్టింది కానీ అదనపు ఛార్జీ లేదు, పచ్చిక బయళ్లు కళ్లనిండా చూడొచ్చు. అద్దాల గిన్నెలా ఉండే బోయ్‌మన్స్ డిపో (మ్యూజియం వాళ్లు కళాఖండాలు దాచే భవనం), ఎరాస్మస్ వంతెన మిగిలిపోయాయి. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం. పులిహోర నేనే కలుపుతానని నాన్న ఇప్పుడే చింతపండు నానబెట్టే లెక్క చెబుతున్నారు.