పల్మనరీ హైపర్‌టెన్షన్ మందులు: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

అందరూ అడిగేది ఒకటే, మందులు పని చేశాయా లేదా అని. చేశాయి. కానీ అంతటితో ఆపేస్తే సగమే చెప్పినట్టు, ఎందుకంటే రిపోర్టులు బాగుపడిన స్పీడు వేరు, ఇంట్లో నా రోజు బాగుపడిన స్పీడు వేరు.

తెలియనివాళ్ల కోసం, ఇది మామూలు బీపీ కాదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్లే నాళాల్లో ప్రెషర్ పెరగడం, చేతికి కట్టే మిషన్‌లో ఇది అస్సలు కనపడదు. ఎకో అనే గుండె స్కాన్‌లో అనుమానం వస్తుంది, ఖాయం చెయ్యాలంటే రైట్ హార్ట్ క్యాథటరైజేషన్, అంటే సన్నటి గొట్టాన్ని గుండె కుడివైపు దాకా పంపి ప్రెషర్ కొలిచే పరీక్ష, చెయ్యాల్సిందే. నాది పీఏహెచ్ (పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్), అంటే ఆ నాళాల గోడలే మందం ఎక్కి లోపల దారి సన్నబడిపోయే రకం. ఎడమవైపు గుండె జబ్బు వల్ల వచ్చినవాళ్లకి మామూలుగా ఈ మందులు ఇవ్వరు, రక్తం గడ్డల వల్ల వచ్చిందైతే ఆపరేషన్ దారి కూడా ఉంది, కాబట్టి నా మందుల పేర్లు పట్టుకుని మీ చీటీతో పోల్చుకోకండి.

మొదలుపెట్టింది టడలాఫిల్ 40 ఎంజీ, దానికి తోడు ఆంబ్రిసెంటాన్, రెండూ ఆ నాళాల్ని వదులు చేసే మాత్రలే. ఈ రెండూ మొదటి నుంచే కలిపి ఇస్తే ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని 2015లో వచ్చిన ఆంబిషన్ ట్రయల్‌లో తేలింది. తలనొప్పి, మొహం వేడెక్కడం కొన్నాళ్లు వేధించి తగ్గాయి, ముక్కు దిబ్బడ మాత్రం ఇంట్లో మనిషైపోయింది. అసలు గొడవ కాళ్ల వాపుతో. సాయంత్రానికి సాక్స్ అచ్చు చీలమండ మీద దిగిపోయేది, వేలితో నొక్కితే గుంట కాసేపు అలాగే ఉండేది. అది మందు వల్ల వచ్చిన వాపా, కుడి గుండె అలిసిపోవడం వల్ల వచ్చిందా అన్నది చూసి చెప్పలేం, అదీ చిక్కు. అందుకే రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకోవడం అలవాటైంది, ఒకటి రెండు రోజుల్లోనే బరువు ఎగబాకిందంటే అది ఒళ్లు కాదు, నీరు. ఉప్పు తగ్గించి, నీళ్లు పోయే మాత్ర డోసు సరిచేశాక హాయిగా పడుకోగలిగాను. పెద్ద పెద్ద పేర్లున్న మందులన్నీ ఒక ఎత్తు, నా మటుకు నాకు ఆ చిన్న మాత్ర ఒక ఎత్తు.

తర్వాత సెలెక్సిపాగ్ అని, నాళాల్ని వదులు చేసే ఇంకో మాత్ర కలిపారు. దీని గురించి ముందే తెలుసుకుని మొదలుపెట్టండి. 200 మైక్రోగ్రాములు రోజుకి రెండుసార్లతో మొదలై, తట్టుకున్నంత మేరకి మెల్లగా పెంచుకుంటూ పోతారు, గరిష్ఠం పూటకి 1600. డోసు పెరిగిన ప్రతిసారీ విరేచనాలు, ఒళ్లునొప్పులు, అన్నిటికన్నా విచిత్రంగా దవడ నొప్పి. ఏది తిన్నా మొదటి ముద్ద నమలగానే చెవి కింద ఎవరో గట్టిగా నొక్కినట్టు సలుపు, రెండో మూడో ముద్దకి మాయం. ఎదురుగా కూర్చున్నవాళ్లకి నా మొహం చూసి వంట బాలేదేమో అని డౌటు. తిండితో పాటు వేసుకుంటే కాస్త నయం. నేను గరిష్ఠం దాకా వెళ్లలేకపోయాను, మధ్యలోనే ఆగాం, దాన్ని ఫెయిలైనట్టు చూడక్కర్లేదు, ఎవరు ఎంత తట్టుకుంటే వాళ్లకి అదే డోసు.

ఇక ఫలితం. ఆరు నిమిషాల నడక టెస్టులో 440 మీటర్లు దాటితే లో రిస్క్ వైపు ఉన్నట్టు లెక్క, గుండె మీద ఎంత ఒత్తిడి పడుతోందో చెప్పే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్షలో 300 లోపు ఉంటే ఇంకా మంచిది. నా నడక ఆ గీత దాటింది, డాక్టర్ గారు ఖుషీ, ఇంట్లో అందరూ ఖుషీ. కానీ కారిడార్‌లో ఆ కోన్ల మధ్య ఆరు నిమిషాలు నడిచినందుకు మర్నాడు మధ్యాహ్నం దాకా మంచం దిగలేకపోయానన్నది ఏ కాగితంలోనూ ఎక్కదు. తలస్నానం ఇప్పటికీ స్టూలు మీద కూర్చునే, చేతులు పైకెత్తి జుట్టు రుద్దుకుంటే ఆయాసం. వంగి చెప్పుల బకిల్ పెట్టుకున్నా అంతే. మెట్లు ఎక్కగలను, ఫోన్ మాట్లాడగలను, రెండూ ఒకేసారి మాత్రం కుదరదు. ఆయాసం సగానికి పైగా తగ్గింది, అలసట మాత్రం కొంచెమే తగ్గింది, నా లెక్క అది. అందుకే ఎంఫసిస్ 10 అని పది ప్రశ్నల ఫారం ఉంటుంది, ఆయాసం, నీరసం, ఇంకొకరికి భారం అవుతున్నాననే ఫీలింగ్, ఇవన్నీ అడుగుతుంది, చెకప్‌కి వెళ్లినప్పుడు అది నింపి ఇవ్వండి, "ఎలా ఉన్నారు" అంటే "పర్లేదండీ" అనేసి వచ్చే మనలాంటివాళ్లకి అది బాగా పనికొస్తుంది. నేను ఇచ్చాకే వాళ్ల పర్యవేక్షణలో చేసే వ్యాయామం రాశారు, అలసటలో కొంచెం తేడా కనిపించింది దానితోనే.

పైకి బానే కనిపిస్తాం కదా, అదొక నరకం. "నీకేంటి, గుండ్రాయిలా ఉన్నావ్" అనేవాళ్లకి జవాబు చెప్పడం మానేశాను. పిల్లల్ని కనడం గురించి సలహాలిచ్చేవాళ్లు ఇంకో రకం, ఈ జబ్బులో గర్భం తల్లి ప్రాణానికే ప్రమాదం, పైగా ఆంబ్రిసెంటాన్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, అందుకే వద్దని డాక్టర్లు అంత గట్టిగా చెప్తారు.

ఈ జబ్బుందని కొత్తగా తెలిసినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతామని వెతగ్గానే 2.8 ఏళ్లు అనే అంకె కనపడి గుండె జారిపోతుంది. అది 1980ల నాటి అమెరికా రిజిస్ట్రీ (రోగుల వివరాల రికార్డు) లెక్క, అప్పటికి ఈ జబ్బుకంటూ ప్రత్యేకమైన మందు ఒక్కటీ లేదు. మొదటిది ఎపోప్రోస్టెనాల్ వచ్చిందే 1995లో, మూడు వారాలకోసారి తీసుకునే సోటాటర్‌సెప్ట్ ఇంజెక్షన్‌కి 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. నయమైపోతుందని ఎవరూ అనట్లేదు, కానీ ఆ పాత అంకె మీది కాదు.

చివరగా స్టాకు సంగతి. ఈ మాత్రలు అయిపోయేదాకా ఆగకండి, చటుక్కున ఆపితే ప్రెషర్ మళ్లీ ఎగబాకొచ్చు, సెలెక్సిపాగ్ అయితే మూడు రోజులు తప్పిందంటే మళ్లీ తక్కువ డోసు నుంచి మొదలు, అంటే ఆ దవడ నొప్పి మళ్లీ మొదటికి. ఛాతీ నొప్పికి ఎవరైనా నాలుక కింద నైట్రేట్ మాత్ర పెట్టబోతే టడలాఫిల్ వాడుతున్నానని చెప్పాలి, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. నా మందుల పేర్లు రాసిన చీటీ ఫోన్ కవర్ వెనకే ఉంటుంది.